కీబోర్డు మీద కోపమెందుకు?

సంపాదకులకు,

కీబోర్డులు, తెరలు వచ్చి బాప్టిస్టు చర్చిల్లో సంప్రదాయం చెడిందన్న గత సంచిక వ్యాసం చరిత్రను సగమే చెప్పింది; ఇవాళ సంప్రదాయం అనుకునేదీ ఒకప్పుడు కొత్తే.

1878 జూలై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు; ఇద్దరు చొప్పున వంతులవారీగా నీళ్లలో దిగారు. ఇంతమందిని ఇంత తొందరగా చేర్చుకోవడమేమిటని అక్కడి మిషనరీ క్లౌ దొరను అప్పట్లో తప్పుపట్టినవారున్నారు. ఇవాళ తెలుగు బాప్టిస్టులు గర్వంగా చెప్పుకునేది ఆ రోజు గురించే.

తెలుగు క్రైస్తవ కవి పురుషోత్తమ చౌదరి (1803–1890) కర్ణాటక రాగాల్లో క్రైస్తవ కీర్తనలు కట్టడమూ ఆనాటికి కొత్తే.

అయితే వ్యాసకర్త ఫిర్యాదొకటి నిజం: డ్రమ్ముల హోరులో పెద్దల పాట వినబడదు. శబ్దం తగ్గిస్తే సరిపోతుంది.

బాప్టిస్టుల్లో ఏ సంఘం వ్యవహారం ఆ సంఘానిదే. ఈ తగువును సభ్యులే సమావేశంలో కూర్చుని తేల్చుకోవాలి.

— ఒక పాఠకుడు, సాస్తి (చంద్రపూర్ జిల్లా)