ఫ్లెక్సీలో ఫొటో వేస్తారు, నొప్పికి మాత్ర ఇవ్వరు

పోస్టు కొంచెం పెద్దది. ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి, ముఖ్యంగా అన్నలు.

ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవానికి విజయవాడలో మనం పెట్టుకున్న మీటింగులో ఏం జరిగిందో వచ్చినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. స్కాలర్‌షిప్పులు, మెస్ చార్జీలు, 1/70 చట్టం, బ్యాక్‌లాగ్ పోస్టులు అన్నీ అయ్యాయి. ఇంకేమైనా సమస్యలున్నాయా అని స్టేజి మీద నుంచి అడిగితే, వెనక వరసలోంచి ఇంటర్ చదివే చెల్లి ఒకతి లేచింది. "నెలకి రెండ్రోజులు నెలసరి నొప్పితో క్లాసుకి పోలేకపోతున్నానండీ, అటెండెన్స్ పోతోంది, ఏం చెయ్యాలి?" అంది. ముందు నిశ్శబ్దం, తర్వాత నవ్వులు. "ఇది హక్కుల మీటింగమ్మా, అవి ఆడోళ్ళు ఆడోళ్ళు మాట్లాడుకోండి" అన్నాడు ఒకన్న. ఆ పిల్ల కూచుంది. మీటింగ్ అయ్యేదాకా మళ్ళీ తల ఎత్తలేదు.

ఆ రోజు మేమూ నోరు మూసుకునే ఉన్నాం. అది మా తప్పు. అందుకే ఇప్పుడు రాస్తున్నాం.

మేమంటే పాడేరు, చింతపల్లి, రంపచోడవరం వైపు నుంచి వచ్చి విజయవాడలో చదువుకుంటున్నవాళ్ళం. ఎ.కొండూరు తండాల పిల్లలం, దివిసీమ యానాది కాలనీల పిల్లలం కూడా మాలో ఉన్నాం. భాషలు వేరు, తిండి వేరు. ఈ ఒక్క విషయంలో మాత్రం అందరి కథా ఒకటే.

ఆ కథ ఎలా మొదలవుతుందో చెప్తాం. పిల్ల పెద్దమనిషి అయిందంటే చాలు, ఊరికి పండగ. కోస్తాలో చూసి మన తండాల్లో, కాలనీల్లో కూడా మొదలుపెట్టారు. అప్పుచేసి టెంటు, సౌండ్ సిస్టమ్, భోజనాలు. రోడ్డు మీద ఆ పిల్ల ఫొటోతో ఫ్లెక్సీ, కింద మేనమామల ఫొటోలు, ఆ కింద మన యూత్ సభ్యుల ఫొటోలు, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని మరీ. పిల్ల ఒంట్లో జరిగిన సంగతి బస్సులో పోయేవాడికి కూడా తెలియాలి. సరే. మరుసటి నెల అదే పిల్ల కడుపు పట్టుకుని మెలికలు తిరిగితే మాత్రం "ష్, నాన్న ఉన్నాడు, మెల్లగా" అంటారు. మెడికల్ షాపు వాడు ప్యాడ్లు పేపర్లో చుట్టి, నల్ల కవర్లో వేసి, బాంబు ఇచ్చినట్టు ఇస్తాడు. ఊరంతా చాటింపు వేసినప్పుడు లేని సిగ్గు నొప్పి దగ్గరికి వచ్చేసరికి ఎక్కణ్ణుంచి వచ్చిందో మాకు ఇప్పటికీ అర్థం కాదు.

కొందరన్నలు ఇంకో మాట అంటారు. "మన ఆదివాసీ ఆడవాళ్ళు గట్టోళ్ళు. మన అమ్మమ్మలు ఆ రోజుల్లోనూ నాట్లేశారు, చేపలు పట్టారు. ఈ నొప్పులు, మాత్రలు పట్నం అలవాట్లు." వినడానికి పొగడ్తలా ఉంటుంది. ఆ అమ్మమ్మలను ఎవరైనా అడిగారా? మేం అడిగాం. మోకాలి లోతు బురదలో నాట్లేస్తూ, రొయ్యల చెరువుల్లో ఉప్పునీళ్ళలో నిలబడి, మార్చుకోవడానికి చాటు లేక పొద్దుటి గుడ్డతోనే సాయంత్రం దాకా ఉన్నామన్నారు. తొడలు ఒరుసుకుపోయేవన్నారు. మిరప కోతకి పోయే అమ్మలకి ఇవాళ్టికీ అంతే, చేలో మరుగెక్కడ? నొప్పి లేదని ఒక్కరూ అనలేదు. చెప్తే కూలి పోతుందని చెప్పలేదు, అంతే.

ఓర్చుకుని ఓర్చుకుని చివరికి ఏం చేశారో కూడా చూడండి. మా వీధుల్లో ముప్పై అయిదేళ్ళకే "సంచి తీయించేసుకున్నా, పీడా పోయింది" అనే పిన్నులు, అత్తలు కనబడతారు. ఇది మా ఊహ కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 3 శాతం పైచిలుకు. ఆంధ్రప్రదేశ్‌లో 9 శాతం దగ్గర, దేశంలోనే ఎక్కువ. దేశమంతటా ఈ ఆపరేషన్లలో మూడింట రెండొంతులు ప్రైవేటు ఆసుపత్రుల్లోనే జరిగాయి. పదిహేనేళ్ళప్పుడు ఒక మాత్ర, ఒక పరీక్ష అందని నొప్పికి ముప్పై అయిదేళ్ళకి కత్తి అందుతోంది. అందరి ఆపరేషనూ అనవసరం అని మేం అనడంలేదు. అన్నీ అవసరమేనంటే మాత్రం నమ్మం.

ఇక నొప్పి సంగతి. నెలసరిలో గర్భసంచి లోపలి పొర ఊడి వస్తుంది. అప్పుడు అక్కడ ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు తయారవుతాయి. అవి గర్భసంచి కండరాన్ని పిండుతాయి. పిండినప్పుడు దానికి రక్తం సరిగా అందక నొప్పి పుడుతుంది. ఆ రసాయనాలే పేగుల మీదా పనిచేస్తాయి కాబట్టి కొందరికి వాంతులు, విరేచనాలు కూడా. అంటే ఇది మనసులో పుట్టిన నొప్పి కాదు, వేషాలు కాదు, పాపం అసలే కాదు. ఐబుప్రోఫెన్, మెఫనమిక్ ఆసిడ్ లాంటి మాత్రలు ఆ రసాయనాల తయారీనే తగ్గిస్తాయి. అందుకే నొప్పి ముదిరి మంచం మీద పడ్డాక కంటే, మొదలవుతుండగానే, ఏదైనా తిన్నాక వేసుకుంటే బాగా పనిచేస్తాయి. పొత్తికడుపు మీద వేడినీళ్ళ కాపడం కూడా నిజంగా పనిచేస్తుంది, అమ్మమ్మలు చెప్పిన వాటిలో ఇది నూటికి నూరుపాళ్ళు కరెక్టు. హాస్టల్లో వేడినీళ్ళు అడిగితే కసిరే వంటమ్మలకి ఇది ఎవరైనా చదివి వినిపించండి.

మాత్రలతో జాగ్రత్త కూడా చెప్పాలి. ఎ.కొండూరు తండాల్లో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్ళను తిన్నదో అక్కడివాళ్ళకి మేం చెప్పక్కర్లేదు. ఈ నొప్పి మాత్రలు కిడ్నీ బాగాలేనివాళ్ళకి ప్రమాదం. కడుపులో పుండున్నవాళ్ళు, ఆస్తమా ఉన్నవాళ్ళు కూడా డాక్టర్ని అడక్కుండా వేసుకోకూడదు. డెంగీ అనుమానం ఉన్న జ్వరంలో అసలే వద్దు. మెఫనమిక్ ఆసిడ్ వల్ల అరుదుగా ఒళ్ళంతా దద్దుర్లు, జ్వరం వచ్చే తీవ్రమైన రియాక్షన్ రావచ్చని 2023 నవంబరులో ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ హెచ్చరించింది. అలా కనబడితే మాత్ర ఆపి వెంటనే ఆసుపత్రికి పోవాలి. మా రూమ్మేట్ ఒకమ్మాయి రోజుకి నాలుగైదు మింగేది. ఎవరూ చెప్పలేదు ఆమెకి, షాపువాడు అడిగినన్ని ఇచ్చేవాడు.

మాత్రకి తగ్గని నొప్పి, నెలనెలా పెరిగే నొప్పి, నెలసరి కాని రోజుల్లోనూ ఉండే నొప్పి, గంట రెండు గంటలకే ప్యాడ్ తడిసిపోవడం, వారం దాటినా ఆగకపోవడం... వీటిలో ఏది ఉన్నా "పెళ్ళయితే తగ్గిపోద్ది" అనే మాట వినకండి. ఎండోమెట్రియోసిస్ అనే జబ్బు ప్రపంచంలో సుమారు పదిమంది ఆడవాళ్ళలో ఒకరికి ఉంటుందని డబ్ల్యూహెచ్ఓ లెక్క. అది బయటపడడానికి ఏళ్ళు పడుతోంది, కారణం ఈ మాటే. మనకి ఇంకొకటి ఉంది, సికిల్ సెల్. 2023 జూలై 1న కేంద్రం సికిల్ సెల్ మిషన్ మొదలుపెట్టింది మన గిరిజన ప్రాంతాల కోసమే, 40 ఏళ్ళ లోపువాళ్ళకి పరీక్ష చేస్తారు. నీరసం, ఒళ్ళు నొప్పులు, రక్తం తక్కువ అన్నింటినీ నెలసరి ఖాతాలో రాసేసి ఊరుకోకుండా ఆ పరీక్ష ఒకసారి చేయించుకోండి. మగపిల్లలూ చేయించుకోవాలి, అది మీకూ ఉండొచ్చు.

"ప్రభుత్వం ప్యాడ్లు ఇస్తోందిగా" అంటారు. 2021 అక్టోబరు 5న స్వేచ్ఛ పథకం వచ్చింది. ప్రభుత్వ స్కూళ్ళు, జూనియర్ కాలేజీల్లో ఏడో తరగతి నుంచి ఇంటర్ దాకా నెలకి పది న్యాప్‌కిన్లు. మంచి పనే, మాలో కొందరు వాటితోనే స్కూలు దాటాం. కానీ డిగ్రీ, నర్సింగ్, కోచింగ్ పిల్లలు ఆ లెక్కలో లేరు. ఇచ్చినచోట కూడా అది రక్తానికి ఇచ్చింది, నొప్పికి ఎవరూ ఏమీ ఇవ్వలేదు.

ఆ చెల్లి అడిగింది అటెండెన్స్ గురించి కదా. దానికి జవాబు ఉంది, మన పెద్దలకి తెలియక నవ్వారు. 2023 జనవరిలో కేరళ ప్రభుత్వం తన యూనివర్సిటీల్లో అమ్మాయిలకి హాజరు 75 శాతం బదులు 73 శాతం ఉన్నా పరీక్ష రాయనిచ్చింది. ముందు కొచ్చిన్ యూనివర్సిటీలో విద్యార్థులు అడిగి సాధించుకున్నారు, తర్వాత రాష్ట్రమంతా వచ్చింది. బీహార్‌లో ప్రభుత్వ మహిళా ఉద్యోగులకి నెలకి రెండ్రోజుల సెలవు 1992 నుంచే ఉంది. కేరళ పిల్లలు అడిగింది హక్కు అయినప్పుడు, మన చెల్లి అడిగింది ఆడోళ్ళ గొడవ ఎలా అయింది అన్నా?

ఇంకో సంగతి, ఇది మనల్ని మనం అనుకోవాల్సింది. "అంటు, మైల మన ఆదివాసుల్లో లేవు, అవి బయటనుంచి వచ్చాయి" అని మీటింగుల్లో చెప్పుకుంటాం. మాలో ముగ్గురం ఇంటికి పోతే ఇప్పటికీ ఆ మూడ్రోజులు వసారాలోనే పడుకుంటున్నాం, కంచం వేరు. బయటనుంచి వచ్చిందైతే బయటికి పంపడం ఇంకా తేలిక కదా.

మేం ఒక అర్జీ రాశాం. కాలేజీల్లో అమ్మాయిలకి 2 శాతం హాజరు మినహాయింపు, ప్రతి గిరిజన హాస్టల్లో వేడినీళ్ళ సంచి, నర్సు చూసి ఇచ్చే నొప్పి మాత్రలు, నెలకోసారి ఆడ డాక్టరు. ఇంతే అడిగాం. వచ్చే ఆదివారం మీటింగులో మొదటి అంశంగా ఇదే పెట్టాలి, చివర్లో "ఇంకేమైనా సమస్యలున్నాయా" అన్నప్పుడు కాదు. ఆ చెల్లిని మేం ఒప్పించి తీసుకొస్తున్నాం. ఆ రోజు నవ్వినవాళ్ళ పేర్లు మాకు తెలుసు, రాయడంలేదు. అర్జీ మీద మొదటి సంతకాలు మాత్రం వాళ్ళవే కావాలి.