మైనస్ పవరు ఎక్కువా? కంటి వెనక తెర జాగ్రత్త!

మైనస్ ఆరు, మైనస్ పది అద్దాలు పెట్టుకునేవాళ్ళు మన ఇళ్ళల్లోనే ఉంటారు. అద్దాలతో బాగానే కనిపిస్తోంది కదా, ఇంకేం భయం అనుకుంటాం. కానీ అసలు సంగతి కంటి వెనక ఉంది. మామూలు కన్ను పొడవు సుమారు 24 మిల్లీమీటర్లు. పవరు బాగా ఎక్కువైన కన్ను సాగి 26 దాటుతుంది. అప్పడం ఒత్తేకొద్దీ పల్చబడినట్టు లోపలి తెర, అంటే రెటీనా, పల్చబడుతుంది. అక్కడ చిల్లు పడితే నీరు చేరి తెర ఊడి రావచ్చు. లేజర్ చేయించుకుని అద్దాలు తీసేసినా ఈ పల్చదనం పోదు.

కంట్లో మెరుపులు, ఒక్కసారిగా నల్లచుక్కలు, పక్కనుంచి పరదా దిగినట్టు నీడ... ఏది కనిపించినా అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఉత్త చిల్లయితే చాలావరకు లేజర్‌తో సరిపోతుంది. తెర ఊడితే ఆపరేషన్ తప్పదు.

ఒకటి బకిల్. కనుగుడ్డు బయట సిలికాన్ పట్టీ కుట్టి, గోడను లోపలికి నొక్కి తెరకు ఆనిస్తారు. లోపలి జెల్లీని కదపరు కనుక చిన్నవయసు వాళ్ళకు తరచు ఇది నప్పుతుంది. అయితే మైనస్ పవరు కాస్త పెరగవచ్చు. ఒక్కోసారి వస్తువులు రెండుగా కనిపించవచ్చు.

రెండోది విట్రెక్టమీ. 1970లో మొదలైన పద్ధతి. జెల్లీ తీసేసి, తెరను సర్ది, గ్యాస్ గానీ సిలికాన్ ఆయిల్ గానీ నింపుతారు. చిల్లు బాగా వెనక ఉన్నా, చాలా చిల్లులున్నా ఇదే మేలు. కొన్నాళ్ళు డాక్టరు చెప్పినట్టే తల పెట్టుకోవాలి. గ్యాస్ కరిగేదాకా విమానం ఎక్కకూడదు. ఆయిలైతే తీయడానికి మామూలుగా మరో ఆపరేషన్. శుక్లం కూడా త్వరగా వస్తుంది.

చూపుకి నడిబిందువైన మ్యాక్యులాలోనే చిల్లు పడితే విట్రెక్టమీలోనే పైనున్న సన్నపొర ఒలుస్తారు. కొందరికి వెనకనుంచి దన్నుగా మ్యాక్యులర్ బకిల్ పెడతారు.

ఏది గొప్ప అని అడక్కండి. "చిల్లు ఎక్కడుంది? మ్యాక్యులా ఊడిందా? నాకు ఈ ఆపరేషనే ఎందుకు?" అని అడగండి. మ్యాక్యులా ఊడకముందే వెళితే చూపు దక్కే అవకాశం ఎక్కువ. పిల్లల పరీక్షలు అవ్వనీ, ఇంట్లో పెళ్ళి దాటనీ అని వాయిదా వేయకండి. ఏ బాధా లేకపోయినా ఏడాదికోసారి చుక్కలు వేయించుకుని రెటీనా చూపించుకోండి. నొప్పి లేదు కదా అని ఊరుకోవద్దు సుమా, తెర ఊడేటప్పుడు నొప్పి తెలియదు!