ఆజ్ఞ బోర్డుది, ఆహారం వేరొకరిది



వినాయక చవితి పందిళ్ళలో రంగులు మారుస్తూ పరుగెత్తే ఎల్.ఇ.డి. పట్టీలు మీరు చూసే వుంటారు. ఆర్డ్యునో యూనో బోర్డు వున్నట్టయితే అవి మీరే ఆడించవచ్చు. అయితే, ఒక పట్టీ ముక్క వెలిగింది గదా అని మరి రెండు పట్టీలు కూడా బోర్డుకే తగిలించారో, చిక్కు వచ్చిందన్నమాటే.

ఎందుకంటారా? లెక్క కట్టి చూడండి. డబ్ల్యు.ఎస్. 2812 రకం పట్టీలో ప్రతి దీపంలోనూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం వున్నవి. మూడూ నిండుగా వెలిగితే తెలుపు. అందుకు సుమారు 60 మిల్లీ ఆంపియర్లు కావాలి. మీటరుకు 60 దీపాలనుకుంటే 3.6 ఆంపియర్లు; మూడు మీటర్లకు దాదాపు 11! కంప్యూటరు తీగ ద్వారా బోర్డుకు అందేది అర ఆంపియరు మాత్రమే.

కనుక పట్టీలకు తగిన శక్తి గల 5 వోల్టుల పవర్ సప్లై వేరే వుండాలి. దాని నుంచి ఎర్ర తీగ, నల్ల తీగ ప్రతి పట్టీకీ నేరుగా వెళ్ళాలి. ఇవి లావుపాటి తీగలై వుండాలి సుమా! సన్నవి వేడెక్కితే పందిట్లో కాగితాలు అంటుకోగలవు. బోర్డు నుంచి వెళ్ళేది ఆజ్ఞ తీసుకుపోయే సన్నని తీగ. మూడు పట్టీలకు మూడు వేరు వేరు పిన్నుల నుంచి ఇస్తే, మూడూ మూడు రకాలుగా ఆడతాయి.

ఆ ఆజ్ఞ ఎలా నడుస్తుందో తెలుసా? పంతులుగారు పరీక్ష కాగితాల కట్ట మొదటి కుర్రవాడికి ఇస్తే, వాడు ఒకటి వుంచుకుని తక్కినవి వెనక్కి పంపుతాడు గదా! మొదటి దీపం కూడా తన వంతు 24 బిట్లు వుంచుకుని, మిగిలినవి తరువాతి దానికి పంపుతుంది. అందుచేత పట్టీ మీది బాణం గుర్తు చూసి, ఆ దిక్కుగానే ఆజ్ఞ పంపాలి. మధ్యలో ఒక దీపం చెడితే, దాని తరువాతివాటికి ఆజ్ఞ అందదు.

చాలామంది మరిచేది ఒకటున్నది. పవర్ సప్లై నల్ల తీగను బోర్డు గ్రౌండుతో కలపాలి. ఒకడు బల్ల మీదా, ఒకడు గోతిలోనూ నిలబడితే ఎవరు పొడుగో చెప్పగలమా? వోల్టులు కొలవడానికి కూడా ఇద్దరికీ నేల ఒకటే కావాలి. అది లేకపోతే దీపాలు పిచ్చి పిచ్చిగా మిణుకుతాయి. (సైన్సు ప్రదర్శనల్లో నేను దీపాలకన్న ముందు ఈ తీగ వున్నదా అని చూస్తాను!)

పెద్దలను దగ్గర వుంచుకుని, ప్లగ్గు తీసిన తరువాతనే తీగలు ముట్టుకోండి. తెలుపు వెలిగించినప్పుడు పట్టీ చివర ఎర్రబారిందా? దారిలో వోల్టులు తగ్గిపోయాయన్నమాట. పవర్ సప్లై నుంచి మరొక జత తీగలు ఆ చివరకు కూడా కలపండి, తెల్లబడుతుంది.