జాబితాలో కనబడని తెలుగు

పొరుగు రాష్ట్రాల సరిహద్దు జిల్లాలలో తెలుగు బడులకు, తెలుగు సంఘాల కార్యాలయాలకు వెళ్ళినప్పుడల్లా ఒక మాట నా చెవిన పడుతూనే ఉంది. “మా కంప్యూటరులో తెలుగు లేదండీ.” ఈ మాటను ప్రధానోపాధ్యాయులు అంటున్నారు, సంఘ కార్యదర్శులు అంటున్నారు, వారి చేత వినతిపత్రం పుచ్చుకోవలసిన గుమాస్తాలూ అంటున్నారు. అందరూ ఒకే మాట అంటున్నప్పుడు అది నిజమేనని నమ్మడం మానవ సహజం. న్యాయవాద వృత్తిలో ఉన్నవాడికి మాత్రం, అందరూ ఒప్పుకున్న సంగతినే ముందుగా పరీక్షించి చూడాలన్న అలవాటు ఒకటి ఉంటుంది.

సరిహద్దు ప్రాంతపు తెలుగు బడి ఒకదానిలో ఈ పరీక్ష చేసే అవకాశం నాకు కలిగింది. ఎవరో దాతలు ఇచ్చిన పాత కంప్యూటరు అక్కడ ఉంది. అందులో నడుస్తున్నది విండోస్ ఎక్స్‌పి. రాష్ట్ర భాషలోని ప్రశ్నపత్రాలు చక్కగా అచ్చయి వస్తాయి. తెలుగు ప్రశ్నపత్రాన్ని పంతులుగారు చేతితో రాసి నకళ్ళు తీయిస్తారు. తెలుగు పత్రం మసకగా ఉంటుందని, పిల్లలు అక్షరాలు పోల్చుకోలేక అవస్థ పడుతున్నారని ఆయన బాధ. “తెలుగు కావాలంటే వేరే సాఫ్ట్‌వేరు కొనాలట లాయరు గారూ! అమ్మినవాళ్ళు అలాగే చెప్పారు. అంత డబ్బు మాకెక్కడిది?” అన్నారు. కీబోర్డు భాషల జాబితా తెరిచి చూపారు. ఆంగ్లం ఉంది, ఫ్రెంచి ఉంది, స్పానిష్ ఉంది. తెలుగు లేదు. హిందీ కూడా లేదు.

హిందీ కూడా లేకపోవడమే అసలు గుట్టును పట్టిచ్చింది.

విండోస్‌లలో తెలుగు లేకపోవడం అన్నిటా ఒకే తీరుగా ఉండదు. విండోస్ 98 నాటి యంత్రాలలో యూనికోడ్ పద్ధతిలో తెలుగు రాసే ఏర్పాటు లేదు. 2000లో వచ్చిన విండోస్ 2000లో భారతీయ లిపులు మొదటిసారి చోటు చేసుకున్నాయి గాని, అవి రెండే: దేవనాగరి, తమిళం. హోసూరులోనో, తిరుత్తణిలోనో మన పిల్లవాడు ఆ యంత్రం ముందు కూర్చుంటే తమిళం ఉండేది, తెలుగు ఉండేది కాదు. అక్కడ ‘లేదు’ అన్న మాట అక్షరాలా సత్యం. 2001లో విండోస్ ఎక్స్‌పి వచ్చేసరికి పరిస్థితి మారింది. తెలుగు, కన్నడం, గుజరాతీ, గురుముఖి లిపులు అందులో చేరాయి. తెలుగుకు ‘గౌతమి’ అనే ఫాంటునూ, ‘ఇన్‌స్క్రిప్ట్’ కీబోర్డునూ తయారీదారులే సమకూర్చారు. వేరుగా కొనవలసింది ఏమీ లేదు. పైకం సిస్టముతోబాటే చెల్లిపోయింది.

ఇక్కడ మరొక విశేషం చెప్పాలి. అదే ఎక్స్‌పిలో ఒడియా లిపికి చోటు లేదు. అది తరువాత వచ్చిన విస్టాలో గాని చేరలేదు. అంటే బరంపురంలోనో, రాయగడలోనో ఎక్స్‌పి నడిచే కార్యాలయంలో నిజంగా లేనిది ఒడియా, సీడీలో సిద్ధంగా ఉన్నది తెలుగు! అయినా అక్కడివారు ఒడియా పనిని ఆపలేదు. వేరే ఫాంట్లు, వేరే సాఫ్ట్‌వేర్లు తెచ్చుకొని జరుపుకున్నారు. అది వారి పట్టుదల, మెచ్చుకోవలసిందే. ఉన్న తెలుగును లేదని చెప్పి పక్కన పెట్టడాన్ని మాత్రం యంత్రం తప్పుగా నేను ఒప్పుకోలేను.

మరి ఉన్నది ఎందుకు కనబడలేదు? ఆంగ్ల కూర్పులో ఎక్స్‌పిని ఎక్కించినప్పుడు తెలుగు, హిందీ, అరబ్బీ, థాయ్ వంటి లిపులకు కావలసిన ఫైళ్ళు తమంతట తాముగా యంత్రంలోకి రావు. అక్షరం పక్కన అక్షరం పేర్చుకుంటూ పోతే సరిపోయే లిపులు కావవి. గుణింతాన్ని హల్లుకు అతికించాలి, ఒత్తును కిందికి దించాలి, కుడినుండి ఎడమకు రాసేవాటిని అలా నడిపించాలి. వీటన్నిటినీ ‘కాంప్లెక్స్ స్క్రిప్ట్’ అనే ఒక్క మూటగా కట్టి, అడిగితేనే ఇచ్చే సరుకుగా ఉంచారు. ఆ మూట విప్పకపోతే భాషల జాబితాలో తెలుగు పేరే రాదు. అమ్మకందారు ఆ గడిలో టిక్కు పెట్టలేదు; కొన్నవారికి అలాంటి గడి ఒకటి ఉందని తెలియదు. ఇంతే జరిగింది.

దానిని తిరిగి తెచ్చుకొనే విధానాన్ని పూర్తిగా రాస్తున్నాను. సంపాదకీయంలో ఇటువంటివి రాస్తారా అని పెద్దలు అనుకోవచ్చు. పత్రికలో తక్కిన పేజీల కంటే ఈ పేజీనే ఎక్కువమంది కత్తిరించి దాచుకుంటారని నాకు తెలుసు కనుక ఇక్కడే రాస్తున్నాను.

ముందుగా అడ్మినిస్ట్రేటర్ అధికారం ఉన్న ఖాతాతో కంప్యూటరును తెరవాలి. విద్యార్థి ఖాతాతో ఈ పని జరగదు. స్టార్ట్ మెనూలో కంట్రోల్ ప్యానెల్, అందులో ‘రీజినల్ అండ్ లాంగ్వేజ్ ఆప్షన్స్’ తెరవండి. పైన కనిపించే విభాగాలలో ‘లాంగ్వేజెస్’ నొక్కితే అడుగున రెండు గడులు కనబడతాయి. మొదటిది కాంప్లెక్స్ స్క్రిప్టులకు, రెండవది చైనా, జపాన్, కొరియా భాషలకు సంబంధించినది. రెండవదాని జోలికి పోకండి. దానికి 230 ఎంబీల స్థలం కావాలి, మనకు దానితో పని లేదు. మొదటి గడిలో టిక్కు పెట్టగానే 10 ఎంబీలో అంతకు కొంచెం ఎక్కువో స్థలం పడుతుందని ఒక హెచ్చరిక వస్తుంది. ఓకే నొక్కి, ఆపైన ‘అప్లై’ నొక్కండి.

అప్పుడు యంత్రం విండోస్ సీడీ పెట్టమని అడుగుతుంది. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. సీడీ ఎక్కడుందో ఎవరికీ తెలియదు, ఇచ్చినవారు మారిపోయారు, బీరువా తాళం ఎవరి దగ్గరో ఉంది. కంగారు పడవద్దు. యంత్రం అడిగేది ఆ సీడీలోని ‘ఐ386’ అనే ఫోల్డరును. చాలాచోట్ల అమ్మకందారులు తమ సౌకర్యం కోసం దానిని హార్డు డిస్కులోనే నకలు చేసి ఉంచుతారు. ‘సెర్చ్’లో ఆ పేరు వెదకి, దొరికితే దాని దారి చూపండి, చాలు. దొరకకపోతే అదే కూర్పు ఉన్న మరొక బడి సీడీని ఒక్క గంటసేపు అడిగి తెచ్చుకోండి. ఫైళ్ళు ఎక్కిన తరువాత కంప్యూటరును ఒకసారి ఆపి మళ్ళీ నడపాలి.

మళ్ళీ అదే ‘లాంగ్వేజెస్’ విభాగానికి వెళ్ళి ‘డీటెయిల్స్’ నొక్కి, ‘యాడ్’ అనండి. ఈసారి తెరుచుకునే జాబితాలో తెలుగు ఉంటుంది. దానిని ఎంచుకొని ఓకే అంటే కుడివైపు అడుగున ఆంగ్లానికి గుర్తుగా ‘ఈఎన్’ అన్న రెండక్షరాలు కనబడతాయి. వాటిని నొక్కి తెలుగును ఎంచుకుంటే అవి ‘టీఈ’గా మారతాయి. ఎడమవైపు ఆల్ట్, షిఫ్ట్ మీటలను కలిపి నొక్కినా భాష మారుతుంది.

ఇంత చేసినా కొన్ని యంత్రాలలో ఆ భాషా పట్టీ కనబడదు. టాస్క్‌బారు మీద కుడి మీట నొక్కి ‘టూల్‌బార్స్’ చూస్తే, ఆ మెనూలో ‘లాంగ్వేజ్ బార్’ అన్న వరుసే ఉండదు. ఒకే భాష ఉన్నప్పుడు పట్టీ రాకపోవడం సహజమే గాని, తెలుగు చేర్చిన తరువాతా రాలేదంటే రెండు కారణాలను అనుమానించాలి. ‘డీటెయిల్స్’లోని ‘అడ్వాన్స్‌డ్’ విభాగంలో ఆధునిక పాఠ్య సేవలను ఆపివేసే గడి ఒకటి ఉంది. దానిలో టిక్కు ఉంటే తీసివేయండి. రెండవది మన ఊళ్ళలో ఎక్కువ. యంత్రాన్ని ‘వేగంగా’ నడిపిస్తామని వచ్చిన కుర్రవాళ్ళు ‘సీటీఎఫ్‌మాన్’ అనే పేరు చూసి అది వైరసేమోనని ఆపివేసి పోతారు. భాషా పట్టీని నడిపేది అదే. స్టార్ట్ మెనూలో ‘రన్’ నొక్కి, ఆంగ్ల అక్షరాలలో ఆ పేరు కొట్టి ఎంటర్ నొక్కండి. తరువాత ‘డీటెయిల్స్’లో ‘లాంగ్వేజ్ బార్’ బొత్తాము నొక్కి, పట్టీని తెర మీద చూపమన్న గడిలో టిక్కు పెట్టండి. మెనూలో తప్పిపోయిన వరుస తిరిగి వస్తుంది.

సరిచూసుకోవడానికి నోట్‌ప్యాడ్ తెరిచి, ఫాంటు గౌతమిగా పెట్టి, ఆంగ్ల మీటలు ఎల్, జెడ్, ఎన్, జి, ఐ, జి వరుసగా నొక్కండి. ‘తెలుగు’ అని పడాలి. ఒత్తు కావాలంటే నడుమ ‘డి’ మీట నొక్కాలి: సి, డి, సి అంటే ‘మ్మ’. ఇన్‌స్క్రిప్ట్‌లో భారతీయ లిపులన్నిటికీ ‘క’ ఒకే మీట మీద ఉంటుంది. షోలాపూరులో మరాఠీని ఈ పద్ధతిలో కొట్టడం నేర్చిన మన బిడ్డకు తెలుగు కోసం చేతివేళ్ళకు కొత్త చదువు అక్కరలేదు. రెండు భాషల నడుమ బతికే మనవంటి వారికి ఇది చిన్న సదుపాయం కాదు. తెలుగునాట ఉన్నవారి కంటే మనకే దీని అవసరం ఎక్కువ అని నా అభిప్రాయం.

ఆ బడిలో ఈ పని అంతా అయ్యేసరికి ఒక పూట పట్టింది. అందులో ఎక్కువభాగం సీడీ వెదకడానికే పోయింది. పంతులుగారు మొదట కొట్టింది పిల్లల హాజరు పట్టిక. ప్రశ్నపత్రం మరునాటి పని అన్నారు.

ఒక హెచ్చరిక తప్పనిసరి. ఎక్స్‌పికి తయారీదారుల రక్షణ 2014 ఏప్రిల్ 8తో ముగిసింది. అటువంటి యంత్రాన్ని ఇంటర్నెట్‌కు తగిలించకండి. రాసుకోవడానికి, అచ్చు తీసుకోవడానికి మాత్రమే వాడండి. ఫైళ్ళకు నకలు వేరే చోట ఉంచండి. కొత్త యంత్రం కొనే స్తోమత ఉన్నవారు కొనడమే మేలు. విండోస్ 7లోనూ ఆ తరువాతి వాటిలోనూ తెలుగు ఫైళ్ళు ముందే ఉంటాయి, కీబోర్డు చేర్చుకుంటే చాలు. దాతలిచ్చిన పాత పెట్టెతోనే సరిపెట్టుకోవలసిన బడుల కోసమే ఇంతసేపూ రాశాను.

పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన తెలుగు కూడా తెలుగే కదా అని కొందరు అడుగుతున్నారు. కాగితం మీద తెలుగే. ఆ ఫాంటు లేని మరో యంత్రంలో తెరిస్తే మాత్రం అది అర్థం లేని రోమను గుర్తుల వరుస. మీ సంఘం తీర్మానాలన్నీ అలాంటి ఫైళ్ళలో ఉంటే, పదేళ్ళ తరువాత మీ వారసులు వాటిని చదవలేరు. యూనికోడ్‌లో తెలుగు అక్షరాలకు తమవైన సంఖ్యలు 1991 నుండి ఉన్నాయి. గౌతమితో కొట్టినది ఏ ఫాంటులో తెరిచినా తెలుగుగానే ఉంటుంది.

ఇప్పుడు నా వృత్తికి సంబంధించిన మాట. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం, ఎవరైనా తమ ఇబ్బందిని తొలగించమని కోరుతూ కేంద్రపు లేక రాష్ట్రపు ఏ అధికారికైనా, ఆ కేంద్రంలో లేక రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా వినతి సమర్పించవచ్చు. అధికార భాషలో మాత్రమే అని అందులో లేదు. వాడుకలో ఉన్న భాష అని ఉంది. బళ్ళారిలో, సిరొంచలో, పర్లాకిమిడిలో తెలుగు వాడుకలో లేదని ఎవరు అనగలరు? అయితే దీని హద్దు కూడా తెలిసి ఉండాలి. జవాబు తెలుగులోనే ఇవ్వాలని ఆ అధికరణం చెప్పదు. సమాచార హక్కు దరఖాస్తుకు కూడా ఇది అక్కరకు రాదు. 2005 నాటి ఆ చట్టం ఆంగ్లం, హిందీ, ఆ ప్రాంతపు అధికార భాషలను మాత్రమే ఒప్పుకుంటుంది. యానాంవారి సంగతి వేరు. అక్కడ అధికార వ్యవహారాలకు తెలుగును వాడుకొనే వీలును 1965 నాటి చట్టమే ఇచ్చింది.

350వ అధికరణం ఇచ్చిన హక్కుకు “మా కంప్యూటరులో తెలుగు లేదు” అనేది అడ్డంకి కాదు. చేతిరాత వినతి కూడా వినతే, పుచ్చుకోవలసిందే. అచ్చు వేసిన వినతికి కార్యాలయాలలో దొరికే మన్నన చేతిరాతకు దొరకడం లేదన్నది మాత్రం మనమందరమూ ఎరిగిన చేదు నిజం. అందుకే ముందు మన గదులలోని యంత్రాలను చక్కదిద్దుకుందాం. మన సంఘం గదిలోనే జాబితాలో తెలుగు లేకపోతే, గుమాస్తాను నిలదీసే గొంతు మనకు ఉండదు.

ఈ నెలలో ప్రతి శాఖ కార్యదర్శీ తమ పరిధిలోని తెలుగు బడులకు వెళ్ళి, అక్కడి యంత్రంలో ఏ విండోస్ ఉందో, భాషల జాబితాలో తెలుగు ఉందో లేదో రాసి పంపవలసిందిగా కోరుతున్నాను. సీడీ ఉన్నవారు దాని కూర్పు వివరాన్ని కూడా రాయండి. లేనివారికి ఎరువు ఇప్పించే బాధ్యత నాది. వినతిని పుచ్చుకోవడానికి కంప్యూటరు సాకు చెప్పిన కార్యాలయం ఏదైనా ఉంటే వాదనకు దిగకండి. ఆ మాటనే కాగితం మీద రాసి, తేదీ వేసి, సంతకం చేసి ఇమ్మని మర్యాదగా అడగండి. ఇస్తే నాకు పంపండి. ఇవ్వకపోతే, మీ వినతిని స్పీడ్ పోస్టులో పంపి ఆ రసీదును భద్రపరచండి.