మద్రాసు హైకోర్టు ఎవరు కట్టారు?

మద్రాసు హైకోర్టు ఫోటో పెట్టి "చూడండి, తెల్లోళ్ళు కడితే ఇలా ఉంటది, మనోళ్ళు కడితే పదేళ్ళకే పగుళ్ళు" అని రాసేవాళ్ళకి మాదొక మాట. సిమెంటు, ఇసుకతో బతికేవాళ్ళం, విని ఊరుకోలేం.

దాని డ్రాయింగు ముందు బ్రాసింగ్టన్ అనే ఆయన చేశాడు. తర్వాత హెన్రీ ఇర్విన్ మార్చి పూర్తి చేయించాడు. ఇర్విన్ మామూలోడు కాదు. సిమ్లాలో వైస్రాయి బంగళా, మద్రాసులో కన్నెమరా లైబ్రరీ, తర్వాత మైసూరు ప్యాలెస్, అన్నీ ఆయన గీసినవే. మద్రాసు ప్రభుత్వానికి కన్సల్టింగ్ ఆర్కిటెక్టు, అంటే ఇక్కడ మనం రోజూ సలాం కొట్టే కన్సల్టెంటు లాంటోడు. ఆయన్ని తక్కువ చెయ్యం. డ్రాయింగు తప్పితే ఎంత మొనగాడు మేస్త్రి అయినా ఏం చేస్తాడు?

కానీ 1892లో తెరిచిన ఆ బిల్డింగుకి కాంట్రాక్టరు ఎవరో తెలుసా? తాటికొండ నంబెరుమాళ్ళు చెట్టి. ఇంటిపేరు వింటేనే మనవాడని తెలుస్తుంది. 1856లో పుట్టాడు. చిజోం దొర గీసిన విక్టోరియా పబ్లిక్ హాలు కూడా ఈయనే కట్టాడు. లెక్కల రామానుజన్ చివరి రోజులు గడిపింది చెట్‌పేటలో ఈయన ఇంట్లోనే. 1894 నుంచి ఆ హైకోర్టు గుమ్మటం మీదే ఓడలకి దీపం వెలిగింది. 1954లో గుంటూరుకి ఆంధ్ర హైకోర్టు వచ్చేదాకా మన తాతల భూమి తగాదాలు అప్పీలుకి పోయింది కూడా అక్కడికే. మరి తెల్లోళ్ళు కట్టారని ఎట్లా అంటారు?

సరే, చెట్టిగారి పేరు దొరికింది. ఆయన కింద చేసినవాళ్ళ పేర్లేవి? ఇటుకతో, సున్నంతో గుమ్మటం లేపాలంటే ఏ వరస ఎంత లోపలికి వంచాలి, కింద సెంటరింగు ఎప్పుడు దించాలి అనేది చేతికి తెలియాలి. ఒక్క రోజు ముందు దించితే మొత్తం కూలొచ్చు. ఆ సంగతి ఏ డ్రాయింగులోనూ ఉండదు, మేస్త్రి చేతిలో ఉంటుంది. ఆ మేస్త్రి పేరు మనకెవరికీ తెలీదు.

జుబైల్లోనూ అంతే కదా. 1975లో రాయల్ కమిషన్ పెట్టినప్పటి నుంచి ఇసుకలో ఇంత ఊరు లేచింది. ఏ సైటు గేటు దగ్గర చూసినా బోర్డు మీద క్లయింటు, కన్సల్టెంటు, కాంట్రాక్టరు. మన గ్యాంగు ఎక్కడా ఉండదు. బోర్డు మీద పేరు లేకపోతే పోనీ, కాగితంలో అయినా ఉండాలి కదా? పద్నాలుగేళ్ళు షటరింగు చేసిన తమ్ముడి ఇకామాలో 'ఆమిల్' అనే ఉంటుంది, అంటే కూలీ. రేపు ఊరెళ్ళి సొంతంగా పని పట్టుకుంటానంటే ఏం చూపిస్తాడు?

అందుకే ఫైనల్ ఎగ్జిట్ కొట్టించుకునే ముందు సర్వీస్ లెటర్ అడగండి. 'వర్కర్' అని రాసిస్తే తీసుకోవద్దు. ఏ పని, ఏ ప్రాజెక్టు, ఎన్నేళ్ళు, మూడూ రాయించుకోండి. సూపర్‌వైజర్లం మనం కూడా గ్యాంగు పేర్లు, ఎవరు ఏ ఫౌండేషను కట్టారో డైరీలో రాసిపెడదాం. హెచ్ఆర్ వాళ్ళు అడిగితే చూపించడానికి ఉంటుంది.