సుఖమొక్కటే చాలునా?

“జీవితమునకు సుఖముకంటె వేఱు ప్రయోజనమేమున్నది? ఒరులకు హాని చేయక సుఖించుటయే ధర్మము” అని మొన్న నొక మిత్రుడు తన యింట భోజనము చేయుచు నాకు బోధించెను. ఆయన యర్ధాంగి తెల్లవాఱకమున్నే లేచి వంటచేసి, యప్పటికి నేమియు దినక, మాకు వడ్డించుచుండెను. ఆయన లెక్కలో నామె లేదు. నేనును మాఱుమాటాడక భుజించితిని. ఆ సిగ్గే నాచేత నిది వ్రాయించుచున్నది.

ఈ వాదమునకు బెంథాము ప్రాపు గలదని మిత్రుని ధీమా. సుఖదుఃఖములే మంచిచెడుగులకు కొలతయని 1789లో బెంథాము ప్రకటించిన మాట నిజమే. కాని యాతని త్రాసులో నెల్లవారి సుఖమునకును సమానమైన తూకము గలదు. తన సుఖమునే తూచుకొనువానికి బెంథాము సాక్షి కాజాలడు. 1861లో మిల్లు సుఖములలో నుత్తమాధమభేదము గలదనెను. బాగుగనే యున్నది. కాని యా భేదమును నిర్ణయించునది సుఖపు పరిమాణము కానిచో, సుఖమునకు మించిన కొలత యొకటి యున్నదని యొప్పుకొనినట్లే కదా!

1974లో నోజిక్కను నమెరికా తత్త్వవేత్త యొక ప్రశ్న వేసెను. కోరిన యనుభవముల నన్నిటిని మెదడునకు గల్పించు యంత్రమొకటి యున్నదనుకొందము. అందు జేరినవాడు తాను కావ్యము వ్రాయుచున్నానని నమ్మి యానందించుచుండును. నిజమునకు తొట్టిలో బడియుండును. జీవితాంత మందుండుటకు మీరు సమ్మతింతురా? సమ్మతింపనివారు, తమకు గావలసినది సుఖానుభూతి మాత్రమే కాదని యొప్పుకొన్నవారే. కఠోపనిషత్తున యముడు భోగముల నెన్నిటినో చూపినను, నచికేతుడు వానిని కాదని సత్యమునే యడిగెను.

నేను సుఖద్వేషిని గాను. ఒడలిని శుష్కింపజేయుటయే పుణ్యమనువారితో నాకు పొత్తు లేదు. మంచి పాట, బిడ్డ నవ్వు, ఆకలివేళ నన్నము, ఇవి యన్నియు మేలే. అయినను, మా తండ్రిగారి యంత్యకాలమున మూడు నెలలు రాత్రులు మేలుకొంటిని. అందు సుఖము లేదు. ఆ రాత్రులను నా జీవితమునుండి తీసివేయుటకు మాత్రము నేనొప్పుకొనను. కాని సత్యము చెప్పవలెను: పగలెల్ల సేవచేసినది నా భార్య, ఊరివారు మెచ్చుకొన్నది నన్ను.

ధర్మమును స్త్రీలకును, సుఖమును పురుషులకును పంచిపెట్టిన గృహమున రెండును చెడును. సుఖవాదులారా, “ఎవరికిని హాని లేదు” అనుటకు ముందు వంటయింటిలోనికి జూడుడు. ఆమె భుజించినదా యని యడుగుడు. ధర్మవిచారమును మన మక్కడనే మొదలిడవలెను.