ఓర్పు పాఠాల కన్నా ముందు ఇంకో సిస్టర్

మండపేటలాంటి పట్టణంలో నైట్ డ్యూటీ నర్సు సెలైన్లు మార్చాలి, ఇంజెక్షన్లు వేయాలి, కేస్‌షీట్లు రాయాలి. ఎవరికైనా సీరియస్ అయితే కాకినాడకో రాజమహేంద్రవరానికో పంపే హడావుడీ ఆమెదే. రోగి బంధువుల కోపం కూడా ముందు ఆమె మీదే పడుతుంది. తెల్లారి ఇంటికి వెళ్తే మళ్లీ వంటపని.

మనోధైర్యం పెంచుకొమ్మని ఆమెకు చెప్పడం తేలిక. యోగా, ధ్యానం మంచివే. వార్డులో మనుషులు చాలనప్పుడు అవి ఎంతవరకు ఆదుకుంటాయి?

అమెరికాలోని పెన్సిల్వేనియా ఆసుపత్రులపై పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం 2002లో ప్రచురించిన అధ్యయనం ఈ ప్రశ్నకు జవాబిచ్చింది. నర్సు మీద ఒక్క రోగి భారం పెరిగితే, ఆపరేషన్ అయినవారు 30 రోజుల్లోపు మరణించే అవకాశం 7 శాతం, నర్సు బర్నౌట్‌కు (పని ఒత్తిడితో పూర్తిగా అలసిపోవడానికి) గురయ్యే అవకాశం 23 శాతం పెరుగుతున్నట్టు తేలింది. కాలిఫోర్నియా 2004 నుంచి నర్సుకు ఇంతమందే రోగులని చట్టంతో కట్టడి చేసింది.

మనకూ లెక్కలున్నాయి. భారత నర్సింగ్ మండలి ప్రమాణాల ప్రకారం జనరల్ వార్డులో బోధనాసుపత్రి అయితే ముగ్గురు రోగులకు, ఇతర ఆసుపత్రి అయితే ఐదుగురికి ఒక నర్సు ఉండాలి. సెలవుల కోసం మరో 30 శాతం మంది అదనం. అసలు కీలకం ఈ అదనమే. అది లేనిచోట ఒకరు సెలవు పెడితే తోటి సిస్టర్ రెండు డ్యూటీలు చేయాలి. తోటివారికి భారమవుతామన్న మొహమాటంతో జ్వరం వచ్చినా డ్యూటీకి వచ్చేవారు ఎందరో!

జీతం సంగతీ అంతే. సుప్రీంకోర్టు 2016లో ఇచ్చిన ఆదేశంతో ఏర్పాటైన కమిటీ, 50 పడకల లోపు ప్రైవేటు ఆసుపత్రుల్లోనూ నర్సుకు నెలకు 20 వేల రూపాయలకు తగ్గకూడదని సిఫారసు చేసింది. చిన్న పట్టణాల నర్సింగ్ హోములకు వర్తించే మాట ఇది. కరోనా కాలంలో, 2020 జులైలో, హైదరాబాద్ గాంధీ ఆసుపత్రి ఔట్‌సోర్సింగ్ నర్సులు జీతాల కోసం, ఉద్యోగ భద్రత కోసం ఆందోళనకు దిగాల్సి వచ్చింది. అదీ, వైద్య సిబ్బందికి చప్పట్లు కొట్టిన దేశంలోనే.

పెద్ద నియామకాల దాకా ఆగనక్కర్లేని పనులూ ఉన్నాయి. డ్యూటీ చార్టు నెల ముందే చెప్పడం, రాత్రిపూట ఇద్దరిని వేయడం, వరుస నైట్ల తర్వాత సెలవు ఇవ్వడం, వార్డులో మరణం జరిగిన రోజున హెడ్ నర్సు కాసేపు డ్యూటీ నర్సుతో కూర్చుని మాట్లాడడం. మండపేట ఆసుపత్రుల యాజమాన్యాలు, అధికారులు వచ్చే నెల చార్టుతోనే వీటిని మొదలుపెట్టవచ్చు.